‘పెద్దలన్నారు’ - ఏ పెద్దలు?

సామెతకు సంతకం ఉండదు. దాని బలమంతా అక్కడే ఉంది. చట్టానికి చేసినవాళ్లుంటారు, తేదీ ఉంటుంది, కోర్టులో సవాలు చేయొచ్చు. తీర్పు చెప్పిన పెద్దమనిషినైతే ముఖం మీదే నిలదీయొచ్చు. ‘మన పెద్దలన్నారు’ అంటూ మొదలయ్యే మాట విషయంలో ఎవరిని నిలదీస్తాం? గుంతకల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఆడమనిషి గొడవ ఏది పంచాయితీకొచ్చినా చట్టం కన్నా ముందు సామెతే వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. మన సంఘాలు దాన్ని చూసీచూడనట్టు వదిలేస్తున్నాయి. పైగా మన శిక్షణా తరగతులను కూడా ఏదో ఒక సామెతతోనే మొదలుపెడుతున్నాం. ఈ రెండింటి మీదా నాకు అభ్యంతరం ఉంది.

దెబ్బలు తిన్న మనిషి నలుగురిలో నిలబడి తన గోడు చెప్పుకుంటుంది. పెద్దమనుషుల్లో ఒకాయన ‘మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంట’ అంటాడు. అందరూ నవ్వుతారు. ఆ నవ్వులోనే సగం కేసు కొట్టుకుపోతుంది. ఈ సామెత చేసిన పని చూడండి. మొగుడు కొట్టడాన్ని ఎండా వానా లాంటి మామూలు సంగతిని చేసేసింది. తప్పును తీసుకెళ్లి ఇంకో ఆడమనిషి నెత్తిన పెట్టింది. ఒంటి మీది దెబ్బను పరువు తగాదాగా మార్చేసింది. 1983లో 498-ఎ సెక్షన్ వచ్చింది. 2024 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. 2005లో గృహహింస నిరోధక చట్టం వచ్చింది. వీటి కింద ఒక్క ఫిర్యాదు నిలబడాలంటే ఎన్నిసార్లు తిరగాలో కార్యకర్తలందరికీ తెలుసు. సామెత నిలబడడానికి ఒక్క నవ్వు చాలు.

ఆస్తి సంగతీ అంతే. ఆడపిల్లను పెంచడం పొరుగింటి చెట్టుకు నీళ్లు పోయడమేనని మన నానుడి. నీళ్ల బిందె కోసం మైళ్లు నడిచిన ఈ నేలలో ఆ మాట ఇంకా లోతుగా దిగుతుంది. నీళ్లు దండగ అంటే ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. తండ్రి బతికున్నాడా లేడా అన్నదానితో పని లేదని, అది పుట్టుకతో వచ్చిన హక్కని 2020లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. అయినా ఆడబిడ్డలు ‘మాకేమీ వద్దు’ అని అన్నదమ్ములకు సంతకాలు పెట్టి ఇస్తూనే ఉన్నారు. ‘పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా’ అనే మాట వెనక ఉన్నది ఆ పొరుగింటి చెట్టే.

‘సామెత అనుభవసారం, అబద్ధం కాదు’ అని వాదించేవాళ్లున్నారు. సరే, అనుభవం దగ్గరికే వెళ్దాం. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఎప్పుడు పడుతుందో, ఎక్కడ పడుతుందో తెలీదు. ‘భరణి కురిస్తే ధరణి పండును’, ‘ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి’ అనే సామెతలు ఇక్కడి రైతులకు నోటికి వచ్చు. మరి ఆరుద్రలో నాలుగు చినుకులు పడగానే ఆ మాట నమ్మి ఉన్న విత్తనమంతా భూమిలో పోస్తారా? మట్టి తడి చూస్తారు, గాలి వాటం చూస్తారు, అప్పెంత ఉందో చూస్తారు. సామెత చెప్పినట్టు జరక్కపోతే ‘కాలం మారింది’ అని దాన్ని పక్కన పెడతారు. వాన గురించిన సామెతకు ప్రతి ఏడూ పరీక్ష ఉంది. ఆడదాని గురించిన సామెతకు ఏ ఏడూ పరీక్ష లేదు. ‘తిరిగి ఆడది చెడుతుంది, తిరక్క మగాడు చెడతాడు’ అంటారు. ఈ జిల్లా ఆడవాళ్లు సుగ్గికని, కూలికని, బెంగుళూరు కట్టడాల పనికని తిరగబట్టే కదా ఎన్నో కొంపల్లో పొయ్యి వెలిగింది! కరువు ఈ సామెతను ఎన్నిసార్లు అబద్ధం చేసిందో లెక్కలేదు. ‘కాలం మారింది’ అని ఒక్కరైనా దాన్ని పక్కన పెట్టారా?

ఇది తెలుగువాళ్ల జబ్బు మాత్రమే కాదు. గుంతకల్లు జంక్షన్‌లో తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ ఒకే ప్లాట్‌ఫారం మీద కలుస్తాయి. తెలుగులో ‘ఆడదాని బుద్ధి అపర బుద్ధి’ అంటే, తమిళంలో ‘పెణ్ బుద్ధి పిన్ బుద్ధి’ అంటారు. భాష మారినా తీర్పు మారదు. 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో అచ్చు వేయించిన తెలుగు సామెతల సంకలనం నుంచి నేటి పాఠ్యపుస్తకాల దాకా వీటిని జాతి సంపదగా పోగేస్తూనే ఉన్నాం. ఆ సంపదలో మన వాటా ఎంతో, మన మీద వేసిన అప్పెంతో లెక్క చూసినవాళ్లు తక్కువ.

ఇక ఆఫ్రికా సంగతి. మన సభల్లో, పోస్టర్ల మీద ‘ఆఫ్రికా సామెత’ అని రాసి ఉన్న వాక్యాలు చాలా చూశాం. యాభై నాలుగు దేశాలు, వందలాది భాషలున్న ఖండానికి ఒకే నోరున్నట్టు! మనం ఎంతో ఇష్టంగా వాడుకునే మాట ఒకటుంది: మగవాణ్ణి చదివిస్తే ఒక మనిషిని చదివించినట్టు, ఆడదాన్ని చదివిస్తే జాతిని చదివించినట్టు. ఇది ఏ పల్లె నానుడో కాదు. గోల్డ్‌కోస్ట్‌కు, అంటే నేటి ఘనాకు, చెందిన విద్యావేత్త జేమ్స్ అగ్రే చెప్పినట్టుగా ప్రసిద్ధం. ఆయన 1927లో చనిపోయాడు. పేరున్న మనిషి మాటను పేరులేని ‘పెద్దల’ మాటగా మార్చేశాం. పోనీ ఆ మాటైనా ఏమంటోంది? ఆడది తనకోసం చదువుకోకూడదా? మన గోడల మీద రాసిన ‘ఇల్లాలి చదువు ఇంటికి వెలుగు’కూ దానికీ తేడా ఏముంది? దీపానికి తన వెలుగులో కూర్చుని చదువుకునే హక్కు లేదన్నమాట.

అదే ఘనాలో అకాన్ ప్రజల సామెతలు కొన్ని వినండి. తెల్లారిందని పెట్టకూ తెలుసు, కానీ పుంజు నోటి వైపు చూస్తుంది. ఆడది తుపాకీ కొన్నా అది మగవాడి గదిలోనే ఉంటుంది. ఆడది వంకాయలమ్మాలి గానీ తుపాకిమందు అమ్మకూడదు. అకాన్లలో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది. అయినా తుపాకీ మగవాడి గదిలోనే! డచ్ పరిశోధకురాలు మినేకె షిప్పర్ ఆఫ్రికా భాషల్లో స్త్రీల మీద ఉన్న సామెతలను పోగుచేసి 1991లో పుస్తకంగా తెచ్చింది. వాటిని పోస్టర్ల మీద ఎవరూ వేయరు. మనకు కావలసిందల్లా దూరపు కొండల నునుపు.

ఆ తుపాకీ సామెత మనకు కొత్తదేం కాదు. పొదుపు సంఘంలో అప్పు ఆమె పేర, కంతు కట్టేది ఆమె, దాంతో కొన్న గేదె మాత్రం ఆయనది. కానీ అకాన్ల చరిత్రలో ఇంకో సంగతి కూడా ఉంది. 1900లో బ్రిటిష్ సైన్యం మీద అశాంతీ యుద్ధాన్ని నడిపింది ఎజిసు రాజమాత యా అసంతెవా. వంకాయలమ్ముకోమన్న సామెత ఆమెను ఆపలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం ముందు నిలబడినప్పుడూ ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నవాళ్లు ఉండే ఉంటారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. రచ్చ గెలిస్తేనే ఇల్లు గెలిచే రోజులు కూడా ఉంటాయని ఆ ఆడవాళ్లు తేల్చారు.

‘సామెతలన్నీ మగవాళ్లవేనా, ఆడవాళ్ల నోట పుట్టినవి లేవా’ అని అడగొచ్చు. ఉన్నాయి. ‘అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ’ అన్నది నిశ్చయంగా ఏదో కోడలే. అందులో న్యాయం అడిగే గొంతు ఉంది. ‘గతిలేనమ్మకు గంజే పానకం’లో ఆకలి తెలిసిన మనిషి ఉంది. అందుకే సామెతలన్నిటినీ తగలబెట్టమని నేననడం లేదు. కులాలను కించపరిచే నానుళ్లను దళితోద్యమం నిలదీసింది. నలుగురిలో వాటిని అనడానికి ఇప్పుడు కొందరైనా జంకుతున్నారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే స్త్రీలను చిన్నబుచ్చే మాటలు తీర్పుల్లో, వాదనల్లో వద్దంటూ ఒక కరదీపిక విడుదల చేసింది. కోర్టు గుర్తించిన సంగతిని మన రచ్చబండ ఎందుకు గుర్తించదు?

కార్యకర్తలుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పంచాయితీలో సామెత పడగానే నవ్వొద్దు. ‘ఇది ఎవరన్నారు? దీనివల్ల ఎవరికి లాభం? ఈ ఊళ్లో ఇది నిజమని ఎప్పుడు తేలింది?’ అని ఆ మనిషినే అడగండి. సంఘం పుస్తకంలో దెబ్బ తగిలిన తేదీ, చోటు, ఇవ్వాల్సిన డబ్బు రాయండి. సామెతకు ఆ పుస్తకంలో చోటు లేదు. పోస్టరు మీద పరాయి జాతి మాట వేస్తే అది ఏ జాతిదో, ఏ భాషదో, ఎవరు ఎవరితో అనేదో తెలుసుకుని వేయండి. సుగ్గికి పోయొచ్చిన ముసలమ్మల నోటి మాటలను, వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లతో సహా, రాసిపెట్టండి. మన మాటకు సంతకం ఉండాలి.

‘నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదా’ అనుకున్న ముసలమ్మను చూసి తరాలుగా నవ్వుతూ వచ్చాం. అక్కడ పెట్టను పుంజు నోటి వైపు చూడమన్నారు, ఇక్కడ కోడిని పెంచిన ముసలమ్మను నవ్వులపాలు చేశారు. కోడి ఎవరిదైనా, పొద్దున్నే లేచి కుంపటి రాజేసేది మాత్రం ఆడమనిషే. తెల్లారిందని చెప్పడానికి ఆమెకు ఇంకొకరి నోరు అక్కర్లేదు.