ఇటు జయపురం, అటు ఉత్కేళ

కల్యాణసింగ్‌పూర్ నుంచి ఒక చెల్లెమ్మ అడిగింది: "మామగారిని వైద్యానికి భువనేశ్వర్ తీసుకుపోవాలి. మాకు ఇటు జయపురంలో, అటు ఉత్కేళలో విమానాలు దిగుతున్నాయట. ఆ రెండింటికీ మధ్య దూరమెంత? ఎందులో పోతే తొందరగా చేరతాం?"

చెల్లెమ్మా, జయపురం కోరాపుట్ జిల్లాలో, ఉత్కేళ కలహండి జిల్లాలో భవానీపట్నం దగ్గర. మగ్గం మీద పడుగు లాగినట్టు తిన్నగా కొలిస్తే రెండింటికీ సుమారు 150 కిలోమీటర్లు. ఇక్కడ తిరిగేది తొమ్మిది మంది ఎక్కే సెస్నా కారవాన్ అనే చిన్న విమానం. గంటకు 340 కిలోమీటర్ల దాకా పోతుంది. లెక్కకు అరగంట లోపు దారి. కానీ భువనేశ్వర్‌లో మారి పోవాలంటే అదే దూరం 650 అవుతుంది! అందుకే పటం మీద దగ్గరని మురిసిపోకూడదు.

చిన్న ఊళ్లకు విమానం రావాలని సర్కారు పెట్టిన ఉడాన్ పథకం కింద జయపురానికి 2022 అక్టోబరు 31న, ఉత్కేళకు 2023 ఆగస్టు 31న భువనేశ్వర్ నుంచి సర్వీసు మొదలైంది. జయపురం నుంచి భువనేశ్వర్ ఆకాశంలో సుమారు 375 కిలోమీటర్లు, గంటంపావు ప్రయాణం. ఉత్కేళ నుంచి సుమారు 275.

ఇప్పుడు ఇంటి గుమ్మం నుంచి లెక్క వెయ్యి. జయపురం చేరాలంటే కొండదారిలో నాలుగైదు గంటలు. విమానానికి గంట ముందు ఉండాలి. ఎగిరేది గంటంపావు. దిగాక ఆసుపత్రికి ఆటో. మొత్తం ఏడెనిమిది గంటలు, అందులో సగం పైగా ఘాట్ రోడ్డు కుదుపులే. రాయగడలో రాత్రి హిరాఖండ్ ఎక్కితే పెద్దాయన బెర్తు మీద పడుకుని తెల్లారేసరికి దిగుతాడు. కూడా ఇద్దరు పోవచ్చు, ఖర్చూ తక్కువ. నా మాట అడిగితే రైలే మేలు.

విమానమే కావాలంటే మూడు సంగతులు చూసుకో. ఒకటి, ఆ వారం సర్వీసు ఉందో లేదో ముందే కనుక్కో. కొండల మీద మబ్బు దిగితే రద్దవుతుంది. రెండు, రాజస్థాన్‌లోనూ జైపూర్ ఉంది. టికెట్టు మీద పి.వై.బి. అని ఉంటే మనది, జె.ఎ.ఐ. అని ఉంటే ఆ ఊరిది. డబ్బు కట్టేముందే చూడాలి. మూడు, కూర్చోలేని రోగికి ఆ చిన్న విమానం పనికిరాదు. ప్రాణం మీదికొస్తే లెక్కలు మాని 108కి ఫోన్ చెయ్యి, ముందు రాయగడ చేరు.

విమానం వచ్చిందని సంతోషమే. మన గడపకు దగ్గరయ్యే దాకా మాత్రం గడియారం చూసుకునే కదలాలి.