ముందు బుట్ట, తర్వాతే పొయ్యి

పచ్చికట్టెలు పెట్టి పొయ్యి ఊదినవారికి తెలుసు, అన్నం ఉడకడం కంటే కళ్లు మండడం ఎక్కువని. మన నగరాల చెత్తలో దాదాపు సగం ఆ పచ్చికట్టె బాపతే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, అరటి డొప్పలు, తాగి పారేసిన కొబ్బరి బోండాలు. వీటిని బాయిలర్‌కు మోసుకెళ్లి కరెంటు తీస్తామంటే నమ్మడానికి ప్రజలు సిద్ధమే, చెత్త మాత్రం సిద్ధంగా లేదు.

ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లోనే ఈ ముచ్చట తీరింది. రోజుకు 300 టన్నులు కాల్చి 3.75 మెగావాట్లు తీయాలని డెన్మార్క్ పరిజ్ఞానంతో కట్టిన ప్లాంటు నెల తిరగకుండానే ఆగిపోయింది. చెత్తకు మండే సత్తువ లేకపోయింది. ఆ తర్వాత హైదరాబాద్ శివార్లలో, విజయవాడలో పెట్టినవీ మూతపడ్డాయి.

హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 2020లో మొదలైన ప్లాంటు, విశాఖ, గుంటూరుల్లోని 15 మెగావాట్ల ప్లాంట్లు నడుస్తున్నాయి కదా అంటారు. నిజమే. అయితే వచ్చిన చెత్తను వచ్చినట్టు కాల్చలేరు. రోజుల తరబడి గోతిలో నిల్వచేసి నీరు ఓడ్చాలి. ఆ మురుగును మళ్లీ శుద్ధి చేయాలి. చివరికి బాగా మండేవి ప్లాస్టిక్, అట్ట, గుడ్డ. వాటిలో మంచి సరుకు చిత్తుకాగితాలు ఏరుకునేవారి నోటి కూడే.

అలాగని డంపింగ్ యార్డే నయమని మేం అనడం లేదు. జవహర్‌నగర్ చెత్తగుట్ట నుంచి ఊటనీరు దిగి మల్కారం చెరువు ఎంత పాడైందో చూశాక ఆ మాట ఎవరూ అనలేరు. మా అభ్యంతరం వరుస తప్పడం మీద. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెత్తను ఇంట్లోనే వేరుచేయాలన్నాయి. మళ్లీ వాడలేనిదై, కిలోకు 1,500 కిలో కేలరీలైనా ఉన్నదాన్నే ఇంధనంగా పంపాలన్నాయి. వీధిలో జరిగేదేమిటి? ఇల్లాలు రెండు బుట్టలు తెచ్చి నిలబడుతుంది. చెత్త ఆటోలో అడ్డగోడ ఉంటుంది కూడా. అయినా రెండూ ఒకే వైపు బోర్లిస్తారు. మర్నాటి నుంచి ఆమె ఒక్క బుట్టే తెస్తుంది. తప్పు ఆమెదా?

చెత్త తరలించేవారికి టన్నుల లెక్కన బిల్లు చెల్లించే ఒప్పందం ఉన్నంతకాలం బోండాం బరువు కూడా రాబడే. కాబట్టి తడిచెత్తను ఎరువుకో గ్యాస్‌కో మళ్లించిన ఊళ్లకే కొత్త ప్లాంటు ఇవ్వాలి, మిగతా అనుమతులు ఆపేయాలి. వేరుచేసి తెచ్చిన చెత్తకే పూర్తి బిల్లు చెల్లించాలి.

పొగగొట్టం సంగతి ఇంకా ముఖ్యం. ధూళిని, ఆమ్ల వాయువులను పరికరాలు నిరంతరం కొలుస్తాయి. డయాక్సిన్లనే విష రసాయనాలు అలా కావు. నమూనా తీసి ల్యాబుకు పంపితేనే తెలుస్తాయి. ఆ పరీక్షను ఏ తేదీన చేశారు, ఎంత వచ్చింది అన్నది ప్లాంటు గేటు దగ్గర, పక్క బస్తీ వార్డు ఆఫీసులో తెలుగులో రాసి పెట్టాలి. ఈ నెలే మొదలుపెట్టవచ్చు. ఒక బోర్డు, ఒక డబ్బా రంగు చాలు.