మా వాడ మాట – 17: కరెంటు తీసేసింది ఎవరు?



పోయిన వారం రాత్రి మా పిన్ని కొడుకు ఇంగ్లండు నుంచి ఫోన్ చేశాడు. మాస్టర్స్ చదవడానికి వెళ్ళాడు. లెస్టర్‌లో మన పిల్లలు నలుగురితో కలిసి అద్దె ఇంట్లో ఉంటాడు. "అన్నా, మీటర్‌లో పది పౌండ్లు వేశా. పెట్టీ పెట్టగానే సగానికి పైగా పోయినయి. ఎవడు తిన్నాడో తెలీట్లా" అన్నాడు.

ఆ ఇంటిది ప్రీపెయిడ్ మీటరు. దానికో కీ ఉంటుంది. వీధి చివర కొట్టుకు తీసుకెళ్ళి, డబ్బులిచ్చి నింపించుకొచ్చి మీటర్‌లో పెట్టాలి. డబ్బులైపోతే కరెంటు పోతుంది. కనుక్కుంటే తేలిందేమంటే, ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసిన బాకీ ఆ మీటరు మీదే ఉండిపోయింది. ముఖం కూడా తెలియని మనిషి అప్పును మావాడు తీరుస్తున్నాడు. దానికి తోడు రోజువారీ స్థిర చార్జీ. బల్బు వేసినా వేయకపోయినా అది పడుతుంది. డబ్బుల్లేక మూడు రోజులు చీకట్లో కూర్చుంటే ఆ మూడు రోజులదీ బాకీగా పోగవుతుంది. మళ్ళీ డబ్బులు వేసినప్పుడు ముందు దాన్నే కోసుకుంటుంది.

ఫోన్ పెట్టేశాక మా అమ్మ గుర్తొచ్చింది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగ పల్లె. నేను ఆరో తరగతిలో ఉండగా, బిల్లు కట్టలేదని లైన్‌మ్యాన్ మా ఇంటి ఫ్యూజు పీకాడు. అమ్మ ఆయన సైకిలు హ్యాండిలు పట్టుకుని వదల్లేదు. "కూలి డబ్బులు శనివారం వస్తయి సారూ, పిల్లోడికి పరీక్షలు" అంది. వాడంతా పోగయింది. మా పెదనాన్న వచ్చి "నోటీసు ఏదీ?" అన్నాడు. నోటీసు లేదు. ఆయన గొణుక్కుంటూ ఫ్యూజు మళ్ళీ పెట్టి పోయాడు.

ఆ రోజు అడగడానికి మా అమ్మ ఎదురుగా ఒక మనిషున్నాడు. పక్కన వాడ ఉంది. మా పెదనాన్న అడిగిన నోటీసు ఇవాళ్టికీ చట్టంలో ఉంది. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56 ప్రకారం బాకీ ఉన్నా సరే, 15 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పకుండా కరెంటు తీయకూడదు. ప్రీపెయిడ్ మీటర్‌కి సైకిలు లేదు, హ్యాండిలు లేదు. బ్యాలెన్సు సున్నా అయితే చాలు. మహా అయితే ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది. ఆ ఫోనేమో కూలికి పోయిన నాన్న జేబులో ఉంటుంది.

ఇంగ్లండులో దీనికొక మాట పుట్టింది: సెల్ఫ్ డిస్‌కనెక్షన్. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ కాగితాల్లోనే ఈ మాట కనిపిస్తుంది. డబ్బులు వేయలేక చీకట్లో కూర్చున్నవాడు తన కరెంటు తానే తీసేసుకున్నాడని దానర్థం. కంపెనీ ఎవరి కరెంటూ తీయలేదట! ఈ లెక్క మనకు కొత్తా? బడిలోంచి మన పిల్లల్ని తోసేసి "డ్రాపవుట్" అని రాసుకోలేదా? మానేసినవాడి పేరు రిజిస్టర్లో ఉంటుంది, మానిపించినవాడి పేరు ఎక్కడా ఉండదు.

అక్కడ అది ఎంతదాకా వెళ్ళిందో చూడండి. 2023 ఫిబ్రవరిలో టైమ్స్ పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. బ్రిటిష్ గ్యాస్ తరఫు ఏజెంట్లు కోర్టు వారెంట్లు పట్టుకుని, బాకీ ఉన్నవాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళి బలవంతంగా ప్రీపెయిడ్ మీటర్లు బిగిస్తున్నారని. గొడవయ్యాక ఆఫ్‌జెమ్ ఆపించింది. ఇంట్లో తోడు లేని 75 ఏళ్ళు పైబడినవాళ్ళకూ, రెండేళ్ళ లోపు బిడ్డలున్న ఇళ్ళకూ బలవంతంగా బిగించకూడదని తర్వాత నిబంధనలు పెట్టింది.

నీళ్ళ సంగతి ఇంకా చెప్పాలి. ఇంగ్లండులో నీళ్ళకూ ప్రీపెయిడ్ పరికరాలు పెట్టారు. 1998లో హైకోర్టు అవి చట్టవిరుద్ధమంది. 1999 చట్టం, బాకీ ఉందని ఇళ్ళకు నీళ్ళు ఆపడాన్నే నిషేధించింది. దక్షిణాఫ్రికాలో సొవెటోలోని ఫిరి అనే నల్లవాళ్ళ బస్తీ జనం కూడా నీళ్ళ ప్రీపెయిడ్ మీటర్ల మీద కోర్టుకెక్కారు. రాజ్యాంగ న్యాయస్థానం దాకా పోయి 2009లో ఓడిపోయారు. కాబట్టి ఇది మీటరు గొడవ ఒక్కటే కాదు. మీటరు ఎవరి గోడకు బిగిస్తున్నారన్నది కూడా చూడాలి.

ఇంజనీరింగ్ చదివే తమ్ముడొకడు నన్నడిగాడు: "ముందే డబ్బులు కడితే అప్పే ఉండదు కదన్నా, మంచిదేగా?" అందులో కొంత నిజముంది. నెలాఖరున పెద్ద బిల్లు చూసి గుండె ఆగదు. ప్రీపెయిడ్ ఎంచుకుంటే సెక్యూరిటీ డిపాజిట్ కట్టక్కర్లేదని చట్టమే చెబుతోంది. ఇష్టపడి పెట్టుకునేవాళ్ళను నేను తప్పుపట్టను.

కానీ తమ్ముడూ, కూలి దొరకని వారం ఆ రీచార్జి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కిరాణా కొట్టు ఖాతాలోంచో, డ్వాక్రా గ్రూపులోంచో, మైక్రోఫైనాన్స్ వాడి దగ్గర్నుంచో వస్తుంది. అప్పు మాయమవదు, చేతులు మారుతుంది. కరెంటు బాకీకి చట్టం ఉంది, నోటీసుంది, వాయిదా అడిగే ఆఫీసుంది. ఫైనాన్స్ బాకీ వారం వారం గుమ్మంలో కూర్చుంటుంది. డిస్కం పుస్తకాల్లో బకాయి తగ్గిందని చూపిస్తారు. అది మా అమ్మ మెడ మీదికి వచ్చిందని ఎవరూ రాయరు.

ఇప్పుడు మన సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం లక్ష్యం దేశమంతా 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు. ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకూ, తెలంగాణలో గృహజ్యోతి కింద పేద ఇళ్ళకూ 200 యూనిట్ల దాకా ఉచితం ఉంది. మీటరు ప్రీపెయిడ్ అయితే ఆ యూనిట్లు నెల మొదటి తేదీనే మీటర్లో పడతాయా, లేక ముందు కట్టి తర్వాత తిరిగి రాబట్టుకోవాలా? గ్యాస్ సబ్సిడీ కోసం బ్యాంకు చుట్టూ తిరిగిన అక్కల్ని అడగండి, ఈ రెంటికీ తేడా చెబుతారు.

ఇంకో భయం కూడా ఉంది నాకు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌కు జనం కదిలొచ్చారు, ముగ్గురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పెరిగిన బిల్లు అందరి చేతిలో ఒకేసారి కనబడింది కాబట్టే అంతమంది కలిశారని నేననుకుంటాను. ఒక్కో ఇంటికి ఒక్కో గంటలో చీకటి పడితే, పక్కింటివాడు "రీచార్జి చేసుకోలేదేమో" అనుకుని పడుకుంటాడు. బాకీ సిగ్గవుతుంది. సిగ్గుపడే మనిషి వీధిలోకి రాడు.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. విద్యుత్తు ఆ శాఖ కిందే ఉండేది. జనాన్ని పేదరికంలోంచి బయటపడేయాలంటే పరిశ్రమలు రావాలి, అందుకు కరెంటు చౌకగా, పుష్కలంగా ఉండాలన్నది ఆయన వాదన.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. సంతకం లేకుండా ఏ ఇంటినీ ప్రీపెయిడ్‌లోకి మార్చొద్దు. బ్యాలెన్సు సున్నా అయినా 15 రోజుల నోటీసు నోటీసే. రాత్రిపూట, పరీక్షల నెలల్లో, మంచానపడ్డ మనిషున్న ఇంట్లో కరెంటు ఆగకూడదు. పాత బాకీని రీచార్జిలోంచి కోయాలంటే ఆ ఇంటివాళ్ళు ఒప్పుకున్న వాయిదా ప్రకారమే కోయాలి. ఉచిత యూనిట్లు అడక్కుండానే ముందు పడాలి.

మా తమ్ముడు అద్దె అగ్రిమెంటు, ఇంట్లో దిగిన తేదీ చూపించి కంపెనీకి రాశాడు. పాత బాకీ తీసేశారు. అడిగాడు కాబట్టి తీశారు.

మీ వాడలో కొత్త మీటరు బిగించడానికి ఎవరైనా వస్తే రెండే అడగండి. ఇది ప్రీపెయిడ్‌లో నడుస్తుందా? నా సంతకం ఏ కాగితం మీదుంది? ఒక్కరే అడగొద్దు, వాడంతా బయటికొచ్చి అడగండి.

జై భీమ్.