పెట్టె మార్చినంత మాత్రమున చాలదు

మా మిత్రుడొకరు గత సంవత్సరము దసరా సెలవులలో సకుటుంబముగా బెజవాడ వచ్చి, కనకదుర్గమ్మ దర్శనము చేసికొని, కొండపల్లి కోటను చూడబోయి, ఆ రాత్రి కొండ దిగువనే తమ బండియందు బస చేసిరి. ఆయన గుడివాడ ప్రాంతపు భూస్వామి. తీర్థయాత్రలయందు మక్కువ మెండు. సత్రములలో గదులకై ప్రాకులాడుట కిష్టములేక పాత టెంపో ట్రావెలరు నొకదానిని కొని, దానియందు పడకలును, పొయ్యియు, చిన్న ఫ్రిజ్జును, ఫ్యానులును, దీపములును అమర్పించుకొనిరి. చలనచిత్రములవారి మూలమున మన కందఱకును పరిచితమైన కారవాను అనునదే యిది. ఆ రాత్రి రెండవ జాము గడువకమునుపే దీపము లారిపోయెను, ఫ్యానులు నిలిచెను, పసిబిడ్డకై దాచిన పాలు విఱిగెను. ఎదుట ఇబ్రహీంపట్నపు థర్మల్ విద్యుత్కేంద్రపు పొగగొట్టములపై ఎఱ్ఱదీపములు మాత్రము తెల్లవాఱులు వెలుగుచునే యుండెను. 1979లో 210 మెగావాట్ల యంత్రముతో మొదలై, 2023లో 800 మెగావాట్ల ఎనిమిదవ యంత్రమును సంపాదించుకొన్న ఆ కేంద్రపు వాకిట మా మిత్రుడు అగ్గిపెట్టె వెదకుకొనవలసివచ్చెను. దీపము క్రింద చీకటి యనగా నిదియే గాబోలు.

ఇంటికి మరలిన పిమ్మట ఆయన తమ సీసపు బ్యాటరీని తీసివైచి, లిథియపు బ్యాటరీ నొకదానిని పెట్టించిరి. పెట్టినవాడు పాత తీగలకే కొత్త పెట్టెను తగిలించి, అరగంటలో పని ముగించి, సొమ్ము పుచ్చుకొనెను. నలుబది దినములు ముచ్చటగా గడచినవి. పిదప హైదరాబాదు పోవుచుండగా నందిగామ దాటకమునుపే ఇంజనునొద్దనుండి కాలిన వాసన వచ్చి బండి నిలిచిపోయెను. విప్పి చూడగా ఆల్టర్నేటరు మాడియుండెను. లిథియము మంచిది కాదని మెకానిక్కు తీర్పుచెప్పెను. మెకానిక్కు మోసగించెనని మా మిత్రుడు వాదించెను. మా యభిప్రాయమున ఇరువురి మాటయు సరికాదు. తప్పు లిథియమునది కాదు. మెకానిక్కు బుద్ధిపూర్వకముగా చేసినదియు కాదు. ఒక పదార్థమునకు తగిన ఏర్పాటులో మఱియొక పదార్థమును దూర్చుటయే తప్పు.

ధనికుల విలాసమును గూర్చి దినపత్రికలో నింత వ్రాయనేల యని చదువరులలో కొందఱు నొసలు చిట్లింపవచ్చును. 2024 సెప్టెంబరు మొదటి వారమును వారు జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. బుడమేరు పొంగి గండ్లు పడగా అజిత్‌సింగ్ నగరమును, చుట్టుపట్ల పేటలును రోజుల తరబడి నీటిలోను చీకటిలోను మునిగెను. కొండపల్లి శాంతినగరము దగ్గఱి గండ్లను పూడ్చుటకు సైన్యము రావలసివచ్చెను. మేడలపై చిక్కుకొన్నవారికి అన్నము నీరు తరువాత కావలసివచ్చినది టెలిఫోనులో ప్రాణము. ఇండ్లలోని ఇన్వర్టర్లు నేలమీద నుండుటచే మొదటి గంటలోనే మునిగినవి. సక్రమముగా అమర్చిన ఒక్క బండి మెరకమీద నిలిచియున్నచో, దానిలోని ఒక యూనిట్ విద్యుత్తుతో ఏబది టెలిఫోనులు నింపవచ్చును. ఇది విలాసమే యైనచో గ్రామమున కొక్క విలాసమైన నుండుట మంచిది.

ఇక పాత బ్యాటరీకిని కొత్తదానికిని గల భేద మెట్టిదో చూతము. మన ఇండ్ల ఇన్వర్టర్లకు వాడు 12 వోల్టుల, 150 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీలో కాగితముమీద 1.8 యూనిట్ల శక్తి యుండును. దానిలో సగమునకు మించి తఱచుగా వాడినచో ఆయువు త్వరగా క్షీణించును. కావున చేతికి వచ్చునది తొమ్మిది వందల వాట్ గంటలు. బరువో, ఏబది కిలోలకు పైబడియుండును. అదియుగాక తుది అయిదవ పాలు నిండుటకు గంటల తరబడి పట్టును. లిథియము–ఇనుము–ఫాస్ఫేటు బ్యాటరీ 100 ఆంపియర్ గంటలదే యైనను దానిలోని 1,280 వాట్ గంటలలో వేయికి పైగా నిర్భయముగా వాడుకొనవచ్చును. బరువు పండ్రెండు పదమూడు కిలోలు. రెండు మూడు వేల మాఱులు నింపి ఖాళీచేసినను తట్టుకొనును. వెల యెక్కువ యన్నమాట నిజము. పది సంవత్సరముల లెక్క వేసినవాని కది యెక్కువగా తోపదు.

కాని దాని స్వభావము వేఱు. సీసపు బ్యాటరీ జ్వరపడి లేచిన ముసలివానివలె విద్యుత్తును గుటకగుటకగా పుచ్చుకొనును. లిథియము దుక్కి విడిచిన యెద్దు చెఱువులో మూతి పెట్టినట్లు, ఇచ్చినదంతయు పీల్చివేయును. ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడు ఆల్టర్నేటరులోని విసనకఱ్ఱయు మెల్లగానే తిరుగును గదా. ఆ స్థితిలో తన శక్తికొలది విద్యుత్తు నీయవలసివచ్చిన ఆల్టర్నేటరు వేడెక్కి మాడుట సహజము. ఇంకొక ప్రమాదము కలదు. లిథియపు పెట్టెలో రక్షక సర్క్యూట్ యొకటి యుండి, ఏదైన మితి మీఱినచో క్షణములో సంబంధమును తెంచివేయును. ఇంజను నడుచుచుండగా అట్లు తెగినచో ఆ తాకిడికి ఆల్టర్నేటరులోని డయోడులు కాలును. బండిలోని ఇతర ఎలక్ట్రానిక్ పరికరములును చెడవచ్చును. అందుచే రెంటి నడుమ డీసీ–డీసీ ఛార్జరు అను పరికర ముండితీరవలయును. అది ముప్పది ఆంపియర్లనగా ముప్పదియే ఇచ్చును. విజయవాడనుండి హైదరాబాదు చేరులోపల ఖాళీ బ్యాటరీ నిండును. అంతకంటె త్వర మన కేల? లారీలకు, పెద్ద బస్సులకు 24 వోల్టుల ఏర్పాటు గనుక అందులకు తగినదానినే కొనవలయును. ఇంటి ఇన్వర్టరులోని సీసపు బ్యాటరీ ఛార్జరు అప్పుడప్పుడు 15 వోల్టులకు మించి యెక్కించును. లిథియమునకు 14.6 దాటరాదు. ఈ సంగతి అమ్మువాడు చెప్పడు, కొనువా డడుగడు.

తీగల మాట మఱియు ముఖ్యము. రెండువేల వాట్ల ఇన్వర్టరు నిండుగా పనిచేయునప్పుడు 12 వోల్టుల బ్యాటరీనుండి 170 ఆంపియర్లు లాగును. నష్టములను గూడ చేర్చినచో 190 దాక పోవును. దానికి 50 చదరపు మిల్లీమీటర్లకు తక్కువకాని రాగితీగ కావలయును. గోడలోని ప్లగ్గునకు వాడు తీగను దానికి తగిలించుట, కృష్ణ కాలువనీటిని పంటబోదెలోనికి మళ్లించుటవంటిది. పొరపాటున రెండు కొసలు తగిలినచో ఈ బ్యాటరీ వేల ఆంపియర్లను ఒక్కసారిగా క్రక్కును. ఆ ధాటికి తగిన ఫ్యూజు బ్యాటరీ కంఠముననే యుండవలయును. మా మిత్రుని బండిలో ఫ్యూజే లేదని తరువాత తెలిసెను. ఆల్టర్నేటరు మాడుట ఆయన పుణ్యమనియే మే మనుకొనుచున్నాము.

ఇంతయు చేసినను ఆశకు హద్దుండవలయును. రెండు చిన్న ఫ్యానులు, నాలుగు దీపములు, చిన్న ఫ్రిజ్జు, టెలిఫోనులు కలిసి ఒక దినమునకు సుమారొక యూనిట్ వాడును. బండి కప్పుమీద 400 వాట్ల సౌరఫలకము లున్నచో ఎండకాచిన దినమున ఒకటిన్నర యూనిట్ వచ్చును. మన కృష్ణాతీరమున ఎండకు కొదువ లేదు. కాని టన్ను ఏసీ రాత్రియంతయు నడువవలెనన్నచో అయిదాఱు యూనిట్లు కావలయును. ఒక్క లిథియపు పెట్టెతో తెల్లవాఱులు ఏసీ నడచునని చెప్పువానిని నమ్మరాదు.

మన ఎండయే మఱియొక చిక్కు తెచ్చుచున్నది. 45 డిగ్రీలు దాటినపుడు ఛార్జి చేయవలదని పెక్కు తయారీదారులు చెప్పుదురు. బెజవాడలో మే నెలలో నీడపట్టుననే అంత వేడిమి యుండు దినములు కలవు. ఎండలో తలుపులు మూసి నిలిపిన బండి లోపలి సంగతి వేఱుగ చెప్పనేల? పడక క్రింద ఖాళీ యున్నది గదా యని పెట్టె నచ్చట దాచి, దానిపై పిల్లలను పండబెట్టుచున్నారు. 2022 ఏప్రిల్‌లో విజయవాడ నగరముననే, స్కూటరునుండి తీసి పడకగదిలో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ తెల్లవాఱుజామున పేలి ఒక గృహస్థుడు మరణించెను. ఆయన భార్య తీవ్రముగా గాయపడెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో సికింద్రాబాదున విద్యుత్ స్కూటర్ల దుకాణములో చెలరేగిన అగ్ని పైనున్న లాడ్జికి ప్రాకి ఎనమండుగురు అసువులు బాసిరి. లిథియమని పేరున్నవన్నియు నొక్కటి కావు. నికెలు, కోబాల్టులతో చేసినవానికంటె ఇనుము–ఫాస్ఫేటుతో చేసినవి వేడిమిని బాగుగ నోర్చును. పేలుడు భయము తక్కువ. తక్కువ యన్నామేగాని లేదనలేదు. చెడిన సెల్లునుండి మండు వాయువు వెలువడును. అందుచే బ్యాటరీకి వేఱుగ గూడును, గాలి పోవుటకు వెలుపలికి త్రోవయు నుండవలయును.

స్కూటరు ప్రమాదముల పిమ్మట కేంద్రప్రభుత్వము ఏఐఎస్ 156 అను ప్రమాణమును సవరించి 2022 డిసెంబరునుండియు, 2023 మార్చి తుదినుండియు రెండు విడతలుగా అమలుపఱచెను. మంచిదే. కాని అది బండిని నడుపు బ్యాటరీకి సంబంధించినది. బండిలో దీపము వెలిగించు బ్యాటరీ నెవరు చూతురు? బండి రూపమును మార్చుటకు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము అనుమతి కావలయును. అనుమతి నిచ్చువారు సీట్లను లెక్కింతురు, కొలతలు తీయుదురు. పడక క్రింది పెట్టెకు ఫ్యూజున్నదా యని చూచుటకు మఱి పది నిమిషములు చాలును. ఆ పది నిమిషములను రవాణాశాఖవారు వెచ్చింపవలెనని కోరుచున్నాము. ఆటోనగరపు పనివారల నేర్పు మే మెఱుగుదుము. దేశమునందలి ఏ మూలనుండి వచ్చిన లారీనైనను విప్పి బిగింపగలవారు వారు. అంతటి చేతులకు ఈ కొత్త విద్యను నేర్పుటకు ఐ.టి.ఐ.లలో సాయంకాలపు తరగతులు పెట్టుట కష్టమా? నేర్పనివారే, తెలియలేదని వారిని నిందించుట న్యాయముకాదు.

ఇక మనసును కలచు సంగతి యొకటి. ఈ ఇనుము–ఫాస్ఫేటు పదార్థమును లోకమునకు చూపిన 1997 నాటి పరిశోధన వ్యాసము అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమునుండి వెలువడినది. దానిపై ముగ్గురి పేర్లున్నవి: పాధీ, నంజుండస్వామి, గుడెనఫ్. మూడవవారికి 2019లో, వేఱు పదార్థముపై చేసిన తొలి కృషికిగాను, మఱి యిద్దఱితో కలిపి నోబెల్ బహుమాన మబ్బెను. మొదటి ఇరువురును భారతీయ నామధేయులే. ఇరువది యెనిమిది సంవత్సరములు గడచినవి. 2025 జులైలో చైనా ప్రభుత్వము ఆ పదార్థమును తయారుచేయు విద్యనే ఎగుమతి ఆంక్షలలో చేర్చెను! మన పేర్లతో పుట్టిన విద్యకు నేడు పరుల వాకిట అనుమతికై నిలువవలసివచ్చుచున్నది. మన బజారులోని పెట్టెలపై దేశీయ నామములు మిలమిలలాడుచున్నను, మూతతీసి చూచినచో లోపలి సెల్లులు చాలవఱకు చైనావే. అవియైనను మేలైనవా యన్న, అచ్చట పనికిరావని వేఱుచేసిన రెండవ తరగతివి గూడ వానిలో కలిసి వచ్చుచున్నవి.

ప్రభుత్వము చేయి ముడుచుకొని కూర్చుండలేదు. 2021లో సెల్లుల పరిశ్రమకై 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకమును ప్రకటించెను. పని ప్రకటనయంత వేగముగ సాగలేదు. తెలుగునాట తిరుపతి దగ్గఱ 1985నుండి సీసపు బ్యాటరీలతో పేరు గడించిన అమరరాజా సంస్థ, లిథియపు సెల్లులకై మహబూబ్‌నగరు సమీపమున దివిటిపల్లిలో 2023లో శంకుస్థాపన చేయించెను; పది సంవత్సరములలో 9,500 కోట్లు వెచ్చింతుమని ఒప్పందము. చిత్తూరుసీమ పెట్టుబడి పాలమూరునకు పోయినదని మనవారిలో కొందఱు నొచ్చుకొనిరి. ఏ గట్టున నుండిన నేమి, సెల్లు తెలుగుగడ్డపై పుట్టినచో మాకు సంతోషమే. అంతవఱకును పరాయి సెల్లును కొనకతప్పదు. కొనునపుడు తయారీ తేదీయు, ప్రమాణముద్రయు, లిఖితపూర్వకమైన హామీయు నడిగి కొనుట స్వదేశీయులకు నిషిద్ధము కాదు.

మా మిత్రుని బండి మరల తయారైనది. డీసీ–డీసీ ఛార్జరు, దళసరి రాగితీగలు, ఫ్యూజు, మిగిలిన శక్తిని తెలుపు మీటరు అమర్చుటకు బ్యాటరీ వెలలో సగము ఖర్చయ్యెను. లిథియపు వోల్టేజి తుదివఱకు ఇంచుమించు ఒక్కతీరుననే యుండును గావున ఆ మీటరు లేనిచో ఎంత మిగిలినదో తెలియదు. సంక్రాంతికి వారు మరల కొండపల్లి వెళ్లి, పిల్లలకు తెల్లపొణికి కఱ్ఱ ఏనుగు అంబారీని కొని, ఆ కొండ దిగువనే రాత్రి గడపిరి. దీపము తెల్లవాఱువఱకు వెలిగెను. పాత సీసపు బ్యాటరీ మాత్రము ఇంకను వారి గొడ్లచావడిలోనే యున్నది. దానిని తూకమునకు కొని పెరడులో పగులగొట్టి కరగించువారు మూడు మాఱులు వచ్చి బేరమాడిరి. ఆ పొగ ఊరి బిడ్డల రక్తములో చేరునని యెఱిగి ఆయన ఈయలేదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాతదానిని సేకరించి శుద్ధికి పంపుబాధ్యత తయారీదారులది. దానిని తీసికొనిపోవుదునన్న దుకాణదారు ఇంకను రాలేదు.