గొడుగు లేని సంపాదన

హైదరాబాద్‌లో కారు నడిపేవారికి బీమా అంటే పోలీసు ఆపినప్పుడు చూపించే కాగితం. అందులో ఏం రాసి ఉందో చదివేవారు అరుదు. చదవకపోయినా పెద్దగా నష్టం లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద థర్డ్ పార్టీ బీమా ఉంటే, ప్రమాదంలో ఎదుటివారు మరణించినా, గాయపడినా పరిహారానికి పైపరిమితి లేదు. పాలసీ షరతులు ఉల్లంఘించనంత వరకు ట్రిబ్యునల్ తేల్చిన మొత్తాన్ని కంపెనీయే కట్టాలి. 2016 నాటి సవరణ బిల్లు మరణానికి 10 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 5 లక్షల పరిమితి పెట్టాలని చూసింది. 2019లో అది చట్టమయ్యేసరికి ఆ పరిమితి ఎగిరిపోయింది.

ఇదే నిశ్చింతతో డాలస్‌లో స్టీరింగ్ పట్టుకునే తెలుగువారికి అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. అమెరికాలో కంపెనీ బాధ్యత పాలసీలో రాసుకున్న అంకె దగ్గర ఆగిపోతుంది. టెక్సస్‌లో చట్టం అడిగే కనీస బీమా గాయపడిన ఒక్కొక్కరికి 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. కాలిఫోర్నియాలోనైతే దశాబ్దాలుగా ఒక్కొక్కరికి 15 వేలే. 2025 జనవరి నుంచి దాన్ని 30 వేలు చేశారు. పెద్ద శస్త్రచికిత్స జరిగి, కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండాల్సి వస్తే ఆ సొమ్ము ఏ మూలకూ చాలదు. ప్రభుత్వం అందరికీ వైద్యం భరించని దేశంలో ఆ బిల్లు ఎవరో ఒకరు కట్టాలి. అందుకే దావాలు.

ఈ లోటు పూడ్చేదే ‘అంబ్రెల్లా’ పాలసీ. కారు బీమా, ఇంటి బీమాల మీద అదనంగా పరిచే కప్పు ఇది. సాధారణంగా 10 లక్షల డాలర్లతో మొదలవుతుంది. ప్రీమియం ఏటా కొన్ని వందల డాలర్లు. జ్యూరీ 9 లక్షల డాలర్ల పరిహారం విధించిందనుకుందాం. కారు పాలసీ రెండున్నర లక్షలు కడితే, మిగతా ఆరున్నర లక్షలు అంబ్రెల్లా కడుతుంది. కారు ప్రమాదాలే కాదు, సత్యనారాయణ వ్రతానికి వచ్చిన అతిథి గడ్డకట్టిన మంచు మెట్ల మీద జారిపడినా, పెంపుడు కుక్క పక్కింటి పిల్లాడిని కరిచినా, బాధ్యత ఇంటివారిదని తేలితే ఇది ఆదుకుంటుంది. పరువు నష్టం దావాలకూ చాలా పాలసీలు వర్తిస్తాయి.

అయితే గొడుగుకు కర్ర ఉండాలి. కింది పాలసీల్లో నిర్ణీత మొత్తం ఉంటేనే కంపెనీలు దీన్ని అమ్ముతాయి. కారు బీమాలో ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్లు ఉండాలన్నది తరచూ కనిపించే షరతు. తర్వాత ప్రీమియం ఆదా కోసం దాన్ని లక్షకు తగ్గించుకుంటే మధ్యలోని లక్షన్నర జేబులోంచి పోవాల్సిందే. కావాలని చేసిన హాని, వ్యాపారం, వృత్తిపరమైన పొరపాట్లు దీని కిందికి రావు. మీ సొంత గాయాలకూ పైసా రాదు. ఇది ఎదుటివారికి మీరు బాకీపడే సొమ్ముకు మాత్రమే.

అందరికీ ఇది అవసరమా? మొన్ననే విమానం దిగిన, ఆస్తులేమీ లేని విద్యార్థి ముందు కారు పాలసీలోని అంకె పెంచుకుంటే చాలు. సొంతిల్లు, దాచుకున్న సొమ్ము, కొత్తగా లైసెన్సు తీసుకున్న పదహారేళ్ల కొడుకో కూతురో ఉన్న కుటుంబం లెక్క వేరు. కోర్టు తీర్పు అమలుకు జీతంలో నాలుగో వంతు వరకు కోతను ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది. టెక్సస్‌లో ఇలాంటి బాకీలకు జీతం ముట్టుకోరు గానీ, బ్యాంకులోని పొదుపుకు ఆ రక్షణ లేదు.

మన దగ్గర ‘బీమా ఉందా?’ అన్న ప్రశ్నతో పని జరిగిపోతుంది. అక్కడ అడగాల్సింది ‘ఎంతకు ఉంది?’ అని. అక్కడున్న కొడుక్కి ఫోన్ చేసినప్పుడు ఆ మాట ఒకసారి అడగండి.