ఎం.ఎస్. అంటే ఇక్కడొకటి, అక్కడొకటి: సివిల్ చదివిన పిల్లల ఇళ్ళలో వేసుకోవలసిన లెక్క

బి.ఇ. సివిల్ ముగించిన పిల్లలున్న మన ఇళ్ళలో ఎప్పుడూ ఉండే చర్చే: అమెరికాకు ఎం.ఎస్. చదవడానికి పంపాలా, ఇక్కడే ఎం.ఇ.లో చేర్పించాలా? 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ చర్చలో భయం కూడా చేరింది. అక్కడే చదివి, విద్యార్థి వీసా నుంచి మారేవారికి ఆ రుసుము వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చింది. అయినా భయం పూర్తిగా పోలేదు. మా ఉద్దేశంలో వీసా కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి వేరే ఉంది.

ఎం.ఎస్. అనే పేరుకు ఇక్కడ ఒక అర్థం, అక్కడ ఇంకో అర్థం. ఐఐటీ మద్రాసులోనూ అన్నా విశ్వవిద్యాలయంలోనూ ఎం.ఎస్. అంటే పరిశోధన డిగ్రీ. పాఠాలు కొద్ది, థీసిస్సే ప్రధానం. తరగతులు, పరీక్షలు, చివర ప్రాజెక్టు ఉండేది ఎం.టెక్., ఎం.ఇ.లలో. అమెరికాలో సివిల్ ఎం.ఎస్.ను థీసిస్ లేకుండా చేయడం మామూలే. సాధారణంగా 30 క్రెడిట్లు, అంటే సుమారు పది సబ్జెక్టులు పాసైతే పట్టా చేతికొస్తుంది. అది తక్కువ చదువని మేము అనడం లేదు. డిజైన్ ఆఫీసులో పనిచేయాలనుకునే వాళ్ళకు కావలసింది చాలావరకు ఆ పాఠాల్లోనే ఉంటుంది. పిహెచ్‌డి ఆలోచన ఉన్నవారికి మాత్రం థీసిస్ ఉన్న దారే మేలు.

అసలు తేడా డబ్బు దగ్గర బయటపడుతుంది. అక్కడ ఫీజు తగ్గింపు, నెలనెలా జీతం ఎక్కువగా దొరికేది ప్రొఫెసర్ల పరిశోధనలో పనిచేసేవారికి. పాఠాలు మాత్రమే చదివేవారు సాధారణంగా సొంత సొమ్మో అప్పో పెట్టుకోవాలి. ఇక్కడ సంగతి తలకిందులు. గేట్ అర్హతతో, ఏఐసిటిఇ గుర్తింపు ఉన్న కాలేజీలో, పూర్తికాలం ఎం.ఇ.లో చేరితే నెలకు 12,400 రూపాయలు, 24 నెలల పాటు కేంద్రమే ఇస్తుంది. అదే క్లాసులో సీటా పీజీ పరీక్ష మార్కుతో చేరినవారికి ఈ సొమ్ము రాదు. పక్కపక్కన కూర్చుని ఒకే పాఠం విన్నా ఒకరికి ఉంటుంది, ఒకరికి ఉండదు. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. "ఇప్పుడు గేట్ ఎందుకులే" అనుకునే ఇల్లు 2,97,600 రూపాయలు వదులుకుంటున్నట్టే. బ్యాంకు అప్పు కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఈ అంకె ఒకసారి పక్కన రాసుకోండి.

గిండీ కాలేజీ మనకు కొత్త కాదు. 1734లో నేతపనివారి కోసం ఏర్పడ్డ మన చింతాద్రిపేట కన్నా అది అరవై ఏళ్ళే చిన్నది. 1794లో సర్వే పాఠశాలగా మొదలైంది. నాగార్జునసాగర్‌తో పేరు ముడిపడిన కె.ఎల్. రావుగారు చదివింది అక్కడే, ఆ తర్వాతే బర్మింగ్‌హామ్‌లో పిహెచ్‌డి చేశారు. ముందు ఇక్కడ, తర్వాత పరిశోధన కోసం బయటికి: ఆ వరుస ఇప్పటికీ పనికొచ్చేదే. పేట స్టేషనులో రైలెక్కి కోట్టూర్‌పురంలో దిగితే క్యాంపస్ దగ్గరే.

మనవాళ్ళకు ఇంకో అలవాటుంది. సివిల్‌లో పై చదువంటే స్ట్రక్చర్స్ ఒక్కటే అనుకుంటారు. ఊళ్ళో జరుగుతున్న పనులు చూస్తే అలా అనిపించదు. నాలుగో రైలు మార్గం కోసం 2023 ఆగస్టు నుంచి 2024 అక్టోబరు దాకా బీచ్ వైపు రైళ్ళు ఆగి, మన స్టేషనే చివరి స్టేషనైంది. కూవం వెంబడి మదురవాయల్ నుంచి హార్బరు దాకా రెండంతస్తుల వంతెన దారి వస్తోంది. దాదాపు 119 కిలోమీటర్ల మెట్రో రెండో దశలో సొరంగాలున్నాయి. వీటన్నిటికీ ముందు కావలసింది మట్టిని చదివేవాళ్ళు. 2015 వరద, 2023 మిచౌంగ్ తుపాను చూశాక నీటి లెక్క తెలిసినవాళ్ళ అవసరం గురించి చెప్పనక్కర్లేదు. సాయిల్ మెకానిక్స్, హైడ్రాలజీ రెండూ గిండీలోనే ఉన్నాయి.

ఎం.ఇ. వల్ల రాని లాభం కూడా చెప్పాలి. తమిళనాడు ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగానికి బి.ఇ. చాలు. అక్కడ మన పిల్లలు చూసుకోవలసింది టిఎన్‌పిఎస్‌సి పెట్టే పదో తరగతి స్థాయి తమిళ అర్హత పరీక్ష. అందులో 40 శాతం రాకపోతే మిగతా పేపరు దిద్దరు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, తమిళం వీధి వరకే అన్నట్టు పెరిగినవారికి ఎం.ఇ. కన్నా ఆరు నెలల తమిళ సాధన ముందు అవసరం. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్పాలంటే మాత్రం ఎం.ఇ. ఉండాల్సిందే.

ఇప్పటికే సైటులోనో ఆఫీసులోనో పనిచేస్తున్నవారికి మూడేళ్ళ పార్ట్‌టైమ్ ఎం.ఇ. ఉంది. దానికి 12,400 రాదు, జీతం మాత్రం ఆగదు. ఇంటి అద్దె కట్టే కొడుకో కూతురో ఉన్న ఇంట్లో ముందుగా అడిగి తెలుసుకోవలసింది ఈ దారి గురించే.