చచ్చినోళ్ల పేర్లు ఒకే గోడ మీద రాద్దాం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ పేర్లు చెబితే బయటోళ్లకు గుర్తొచ్చేవి నాటుబాంబు, వేటకొడవలి. మా ఊళ్ల మీద సినిమాలు తీసి సొమ్ము చేసుకున్నోళ్లకు మా తల్లుల ఏడుపు ఏనాడైనా వినపడిందా?

1993లో మాజీ మంత్రి శివారెడ్డి, 1998లో రాజారెడ్డి బాంబుదాడుల్లో హతమయ్యారు. పెద్దోళ్ల చావులు చరిత్రకెక్కాయి. మరి జీపు వెనక బాంబుల సంచి పట్టుకొని పోయిన ఇరవై ఏళ్ల పిల్లోడి సంగతేంది? వాడు ఈ వర్గమోడైనా, ఆ వర్గమోడైనా పేదింటి బిడ్డే. నాయకులు రాజీ పడ్డారు, సాక్షులు ఎదురు తిరిగారు, కేసులు కొట్టేశారు. వాడి ఫొటో మాత్రం మిద్దె లోపల చీకటి గదిలో దండేసుకొని ఉంది.

మన పూర్వీకులు ఇంతకన్నా నయం. ఆవులమందను కాపాడుతూ పడిపోయిన మామూలు మనిషికి కూడా వీరగల్లు నిలబెట్టారు. అయితే మేము కోరేది చావును పొగిడే రాయి కాదు. చావును ఆపే గోడ.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1984లో గోడల మీద పిచ్చిరాతలు రాసే కుర్రోళ్ల చేతికే కుంచెలిచ్చారు. నేడు ఆ నగరంలో నాలుగు వేలకు పైగా కుడ్యచిత్రాలున్నాయి. అక్కడే 2004లో జైల్లోని ఖైదీలను, నేరాల్లో అయినోళ్లను పోగొట్టుకున్నోళ్లను ఒకచోట కూర్చోబెట్టారు. ఒక్క బొమ్మ మీద వాళ్లకు పొత్తు కుదరలేదు. కొట్లాడుకున్నారు. చివరకు రెండు గోడలు గీశారు: ఒకటి బాధితుల దారి, ఒకటి ఖైదీల దారి. పగలు మాయం కాలేదు. కానీ ఒకరి కడుపుకోత ఇంకొకరు విన్నారు. మన ఊళ్లలో అదన్నా జరిగిందా?

మనకు గోడలు కొదవా? భయంతో కట్టుకున్న ఎత్తైన ప్రహరీలే ఊరూరా ఉన్నాయి. వాటి మీద పార్టీ రంగులు చాలు. మూడు ఊళ్లలో మూడు బడిగోడలు ఎంచుకుందాం. రెండు వర్గాల పిల్లోళ్ల పేర్లు పక్కపక్కనే రాద్దాం. నాయకుడి బొమ్మ వద్దు, కొడవలి బొమ్మ వద్దు. ఏ పేరు రాయాలో, ఏ బొమ్మ గీయాలో తల్లులు చెబుతారు. గీయడానికి మన బిడ్డలున్నారు. 2020లో కడపలోనే చిత్రకళ నేర్పే విశ్వవిద్యాలయం వచ్చింది.

గోడకు రంగేస్తే ఫ్యాక్షన్ పోతుందా అని నవ్వేవాళ్లుంటారు. పోదు. నీళ్లు, పనులు, న్యాయం కావాల్సిందే, వాటి కోసం అడుగుతూనే ఉంటాం. కానీ బడికి పోయే పిల్లోడు ఆ పేర్లు రోజూ చదువుతాడు. రేపు ఎవడో సంచి చేతికిచ్చి జీపెక్కమంటే వాడికి ఆ గోడ గుర్తొస్తుంది. అది చాలు.

అమ్మలారా, ఆ ఫొటోలు బయటికి తీయండి. మేము మీ వెంట ఉన్నాం.